గరిక పీకిన సోమవారం

ఆరుద్ర కార్తె, సోమవారం, పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలు. టైము నా ఫోనుల నేనే చూసిన, నేనే చదువుకున్న, ఒకర్ని అడగలేదు. ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటే, ఆ రోజు సంగతి మా ఊర్ల ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్పుకుంటున్నరు. ఒకామె చెప్పేదాంట్ల నేను కావాలనే చేసిన. ఇంకొకామె చెప్పేదాంట్ల నాకు కండ్లు ఆనక చేసిన. మా ఆయన చెప్పే కథల నేను మనిషినే కాదు, తోటల పడ్డ మేకను. అందుకని నేనే రాస్తున్న. రాయొచ్చినంక నా సంగతి ఇంకొకరి నోట్ల ఎందుకు నానాలె?

ఇంకో ముచ్చట కూడా ముందే చెప్తున్న. నాకు మా యారాలు మీద కుళ్లు. యారాలంటే మా మరిది పెండ్లాం. ఆ కుళ్లు దాచిపెట్టి రాస్తే ఈ కథ ఎవరికీ సమజ్ కాదు.

ఆమె వేంసూరు దిక్కు పిల్ల. ఆంధ్ర హద్దు పక్కనే కాబట్టి మాట మెత్తగ ఉంటది. మేము ఏంది అంటే ఆమె ఏంటి అంటది. మేము వచ్చిండు అంటే ఆమె వచ్చాడు అంటది. పెండ్లయి వచ్చిన కొత్తల చేన్ల ఆడోళ్లు ఆ మాట విని కొంగులు నోట్ల కుక్కుకొని నవ్వేటోళ్లు. నేను కూడా నవ్విన. ఇప్పుడు ఆ మాటే పెద్ద సార్లకు చెవుల తేనె పోసినట్టు ఉన్నది.

నేను ముఠా మేస్త్రిని. పత్తి చేన్లకు, మిరప తోటలకు కలుపు తీయబోయే ఆడోళ్ల ముఠా మాది. రైతు నాతోని మాట్లాడుకుంటడు, నేను ఆడోళ్లను పోగుచేస్త. పొద్దున్నే ఆటోల ఎక్కించుకొని పోవుడు, మనిషికో సాలు పట్టించుడు, ఎనక పడ్డోళ్లను తిట్టుడు, పొద్దు వాలినంక ఇంటికి తెచ్చుడు, అన్ని నావే. నా ముఠా దిగిన చేన్ల గరిక పోస మిగిలిందని ఏ రైతూ అనలేదు.

గరిక అంటే మాకు పగ. మీద మీద తెంపితే అది చావదు. కణుపు కణుపుకు వేర్లు దింపుతది. ఒక్క కణుపు మట్టిల మిగిలితే చాలు, వాన పడంగనే చేనంత అల్లుకుంటది. అందుకని దాన్ని వేళ్లతోని మట్టిలకెల్లి దేవి, తాడు గుంజినట్టు నిదానంగ గుంజి, గట్టు మీద ఎండకు పారెయ్యాలె. ఈ పని మా యారాలుకు నేర్పింది నేనే. ఎన్ని కార్తెలు నేర్పినా ఆమె చెయ్యి సాగలేదు. సాలుల అందరికంటే ఎనక ఎవరున్నరు అంటే తల తిప్పకుండ చెప్పొచ్చు, ఆమెనే.

"అక్కా, నువ్వు ముందు పో, నేను వస్తా" అనేది.

"వస్తవు తియ్, వచ్చే యేడాదికి వస్తవు" అనేదాన్ని. ముఠా అంత నవ్వేది. ఆ రోజులు మంచిగుండె.

అట్లుండంగ ఒకనాడు ఖమ్మం నుంచి ఒక సారు మా పంచాయతీ ఆఫీసుకు వచ్చిండు. ఆడోళ్లను కూసోబెట్టి, తోటపని ట్రైనింగు ఉన్నది, మూడు నెలలు హాస్టల్ల ఉంచి నేర్పుతం, అయినంక కొలువు చూపిస్తం అన్నడు. ల్యాండ్‌స్కేపింగ్ అన్నడు. ఆ మాట అప్పుడు మాకు నోరు తిరగలేదు.

"గట్లంటే ఏంది సారూ?" అని నేనే అడిగిన.

"గడ్డి పెంచడం, చెట్లు నాటడం, కంచె మొక్కలను కత్తిరించడం, నీళ్ల పైపులు వెయ్యడం. బిల్డింగు చుట్టు జాగను అందంగా చెయ్యడం అమ్మా."

"గడ్డి పెంచనీకె ట్రైనింగా! మేము దాన్ని చంపలేక చస్తున్నం" అన్న. అందరు పగలబడి నవ్విన్రు. ఆ సారు కూడా నవ్విండు.

నవ్విన గాని, చెయ్యి లేపిన మొదటి మనిషిని నేనే. ఎందుకంటే అప్పటికే చేన్లల్ల కలుపు మందు కొట్టుడు మొదలైంది. ట్యాంకు వీపుకు కట్టుకొని ఒక్కడు పోయి కొడితే నా ముఠా రెండు రోజుల పని ఒక పూటల అయిపోతున్నది. నెల నెల నన్ను పిలిచే రైతులు తగ్గుతున్నరు. మేస్త్రి అన్న మాట ఇంకెన్నాళ్లు నిలుస్తదో నాకు తెలుస్తనే ఉన్నది.

ఆ సారు నా చేతికి ఒక మందు డబ్బా ఇచ్చి, మీద రాసింది చదవమన్నడు. "మందు కలిపే పని అమ్మా, చదవకుండా కలిపితే మొక్కలు మాడిపోతయ్" అన్నడు. ఆయన చెప్పింది న్యాయమే. డబ్బా అటు తిప్పిన, ఇటు తిప్పిన. నా పక్కనున్న మా యారాలు దాన్ని మెల్లగ అందుకొని గడగడ చదివింది. తొమ్మిదో తరగతి దాక చదువుకున్నదట. ఇన్నేండ్లు నా ఎనక సాలుల వంగిన మనిషికి చదువొస్తదన్న సంగతి ఆనాడు డబ్బా మీద తెలిసింది నాకు.

ఆమె పోయింది. నేను ఆటో ఎక్కి పత్తి చేనుకు పోయిన.

మూడు నెలలకు వచ్చింది. కాళ్లకు బూట్లు, చీర మీద ఆకుపచ్చ చొక్కా, నెత్తికి టోపీ. ఇంటి ముందర మంచం మీద కూసొని చెప్తనే ఉన్నది. హైదరాబాదుల అపార్ట్‌మెంట్ల కప్పుల మీద తోటలున్నయట. దవాఖానాల ముందర గడ్డి, హైవే నడిమిట్ల పూల చెట్లు, ఇల్లందు దిక్కు బొగ్గు బాయి కాలనీల పార్కులు, అంతట మనుషులు కావాలట. ముందు హెల్పరు, తర్వాత మాలి, ఆ తర్వాత హెడ్ మాలి, సూపర్‌వైజరు, చెయ్యి తిరిగితే సొంతంగ కాంట్రాక్టు. మెట్లు మెట్లుగ చెప్పింది. బ్యాచు మొత్తాన్ని నేలకొండపల్లి స్తూపం కాడికి కూడా తీసుకపోయిన్రట.

"అక్కడ ఏం చూసినవ్? దేవుణ్నా?" అన్న.

"గడ్డి చూశామక్కా. అంచు ఎలా కొయ్యాలో చూపించారు."

"ఖమ్మం పోయి, ఇంకా అటు పోయి, గడ్డి చూసొచ్చినవా" అన్న. ఎవరన్న నవ్వుతరేమో అని చూసిన. ఎవరూ నవ్వలేదు. అందరు ఆమె బూట్ల దిక్కే చూస్తున్నరు.

ఆ వారమే నేను బడి వరండాకు పోవుడు మొదలుపెట్టిన. అక్కడ అంగన్‌వాడీ టీచరమ్మ పొద్దు గూకినంక పెద్దోళ్లకు అక్షరాలు దిద్దిస్తుండె. యాభై దాటిన వేళ్లకు కలం నిలవదు. కొడవలి పట్టినట్టు పడితే కాగితం చినిగేది. మా ఆయన చూసి, "ఇప్పుడు చదివి కలెక్టరువైతవా ఏంది?" అన్నడు. "అయితే ముందుగాల నిన్నే బదిలీ చేస్త" అన్న. నాకు చదువు చెప్పింది టీచరమ్మ అని అందరంటరు. అది నిజం కాదు. నాకు చదువు చెప్పింది నా కుళ్లు.

ఎవరి సాయం లేకుండ నేను కూడబలుక్కొని చదివిన మొదటి మాట ఏందో చెప్తున్న. మా యారాలు చొక్కా జేబు మీద కుట్టిన మాట. సూపర్‌వైజర్. దండెం మీద ఆరేసి ఉంటే వేలు పెట్టి చదివిన. చదవరాకుంటెనే మంచిగుండె అనిపించింది.

భద్రాచలం పోయే పెద్ద రోడ్డు పక్కన, అడవి మొదలయ్యే కాడ, యాత్రికులు దిగనీకె కాటేజీలు కట్టిన్రు. ఆ సైటుల ఆమెకు కొలువు దొరికింది, మెట్టు మెట్టు ఎక్కి సూపర్‌వైజరు అయింది, ఆ చొక్కా అక్కడిదే. కొన్నాళ్లకు మా గడపకు వచ్చింది. "అక్కా, సైట్లో మనుషులు కావాలి. నీ ముఠాను తీసుకురా. రోజూ పని ఉంటది, ఎండాకాలం కూడా ఆగదు" అన్నది. ఆ యేడు నన్ను కలుపుకు పిలిచిన రైతులు ఇద్దరే. ఏమంటరు ఎవరైనా? అవ్ అన్న. అనంగ నా నాలుక ఎట్లున్నదో నాకే తెలుసు.

మొదటి రోజే నా ముఠా ఆడోళ్లు ఆమెను మేడం అన్నరు. నేను తెచ్చిన ఆడోళ్లు, నా ఆటోల కూసున్న ఆడోళ్లు. నేను మాత్రం పాత అలవాటున "ఓ పిల్లా" అని పిలిచిన. కాటేజీల మేనేజరు తల తిప్పి చూసిండు. ఆమె ఏం అనుకోలేదు, "ఏంటక్కా" అన్నది. ఆమె అనుకుంటే బాగుండు. అప్పటి నుంచి ఆమెను ఏమని పిలవాలో తెల్వక, దగ్గరికి పోయి దగ్గుతున్న.

అక్కడ గడ్డి మెత్తలు మెత్తలుగ లారీల వచ్చేది. చాపలు పరిచినట్టు పరిచి, మీద రోలరు తిప్పి, నీళ్లు కొట్టేది. దాన్ని లాను అంటరు. నాకు తెలిసిన లాను అదే, లారీల దిగేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మరుసటి యేడు వానల ముందర ఒక సంగతి తెలిసింది. ట్రైనింగ్ సెంటరు వాళ్లు, ఇప్పటికే పని చేస్తున్న పాత పనోళ్లకు చిన్న ట్రైనింగు పెడుతున్నరట. వయసు అడ్డం లేదు. సైటుకు ఒక్క సీటు. ఆ సర్టిఫికెట్ ఉంటే రోజు కూలి పోయి పక్కా మాలి కింద రాసుకుంటరు, రేపు హెడ్ మాలి ఖాళీ అయితే అది కూడా అడగొచ్చు. సోమవారం నాడు సెంటరు సారు, హెడ్డాఫీసు సారు వచ్చి, పని చూసి మనిషిని ఎంచుతరట.

నాకు ఆ సీటు కావాలె. నాకు ఏదన్న అంత గట్టిగ కావాలని ఎన్నడూ అనిపించలేదు. ముఠాల ఇంకో పిల్ల ఉన్నది, ఇంటర్ దాక చదివింది, ఫోనుల చకచక రాస్తది. ఆ పిల్లకు పోతదని నా భయం.

యారాలు కాడికి పోయి దగ్గిన. "ఆ సీటు ఎవరికి రాస్తున్నవ్?" అన్న.

"నా చేతిలో లేదక్కా. సార్లే చూసి చెప్తారు."

"నువ్వు చెప్తే వింటరు గద."

"పని చూస్తారక్కా. నీ పని నువ్వు చూపించు, అంతే."

చూపిస్త తియ్ అనుకున్న. ఆమె అంత మాట అనకుండ ఉంటే నేను ఆ సోమవారం ఏం చెయ్యకపోదును.

అంతకు ముందు మూడు రోజులు మా ముఠాకు సెలవు. ఖమ్మం నుంచి ట్రైనింగు పిల్లలు వస్తున్నరు, ప్రాక్టికల్ ఉంది, మీరు రానక్కర లేదు అన్నది యారాలు. నేను ఇల్లందుల మా చెల్లె బిడ్డ శ్రీమంతానికి పోయిన. మిగిలిన ఆడోళ్లు ఎవరి పనులు వాళ్లు చూసుకున్నరు. ఆ మూడు రోజులు సైటుల ఏం జరిగిందో మాలో ఒక్కరికి కూడా తెల్వదు.

ఇగ సోమవారం. ఏడుంబావుకు ఆటో దిగినం. యారాలు లేదు, సార్లకు ఎదురు పాల్వంచకు పోయిందన్నడు వాచ్‌మన్. ఆఫీసు ముందర జాగల కొత్తగ మట్టి చదును చేసి ఉన్నది. ఇసుక, పశువుల ఎరువు కలిపి, రవ్వంత గడ్డ లేకుండ చేసిన్రు. అందుల గరిక. అక్కడక్కడ కాదు, జాగ నిండ. చిన్న చిన్న పచ్చ మొనలు నిక్కి చూస్తున్నయ్. నడుమ తుంగ కూడా మొలిచింది.

నా గుండెల ఒక లైటు వెలిగింది. అబద్ధం ఎందుకు, సంబురమైంది. బూట్లు వేసుకున్నవ్, టోపీ పెట్టుకున్నవ్, ఆఫీసు ముందరనే గరిక మొలిస్తే చూసుకోలేదా తల్లీ అనుకున్న. సార్లు వచ్చి ఇది చూస్తే ఎవరి పేరు పోతది? ఆమెది. సార్లు వచ్చేలోపల దీన్ని అద్దం లెక్క చేసి పెడితే ఎవరి పేరు వస్తది? నాది.

"దిగుండ్రి. ఒక్క పోస మిగలొద్దు" అన్న.

మా ముఠాల అడవి గూడెం నుంచి వచ్చే పెద్దామె ఒకామె ఉన్నది. ఎండాకాలం ఇప్పపువ్వు ఏరుకుంటది, మిగతా దినాలు మాతోని వస్తది. తక్కువ మాట్లాడుతది. ఆమె వంగి, గరికను చూసి, మళ్ళ లేచి నిలబడ్డది.

"ఇది వరసల ఉందేందక్కా? గరిక వరసల మొలుస్తదా?"

"దంతె తోలిన సాళ్లల్ల మొలిచింది. తియ్."

"దంతె తోలిన్రా ఈడ?"

"నువ్వు పని చేస్తవా, దావా ఏస్తవా?" అన్న. పక్కనోళ్లు కిసుక్కుమన్నరు. ఆమె తన భాషల పక్కనున్న మేనకోడలితోని ఏందో అన్నది, ఇద్దరు నవ్వుకున్నరు. నా గురించేనని తెలుసు. అర్థం కాకపోయినా తెలుస్తది.

వాచ్‌మన్ చాయ్ గ్లాసు పట్టుకొని వచ్చిండు. "మేడం చెప్పిందా అమ్మా తియ్యమని?"

"మేడం చెప్తెనే కనపడతదా? మాకు కండ్లు లేవా?"

"ఏమో మరి" అనుకుంట పోయిండు. ఆ మనిషి అంతే, ఏమో మరి అనని రోజు లేదు.

మేము దిగినమంటే దిగినమే. వేళ్లు మట్టిల పెట్టి దేవినం. మట్టి మెత్తగ ఉన్నది, గరిక వెన్నలకెల్లి వెంట్రుక తీసినట్టు వచ్చింది. ఇంత అలకగ వస్తున్నదేంది అని ఒక్క ఘడియ అనిపించింది, ఊకున్న. తొమ్మిది కాకముందే జాగ నున్నగ అయింది. పీకిందంత గట్టు మీద ఎండల కుప్ప పోసినం. షెడ్డు పక్కన ఖాళీ గోనె సంచులు పడి ఉంటే, వాటి మీదనే కూసొని సద్దులు విప్పినం. మిరపకాయ పచ్చడి ఆనాడు నాకు మస్తు రుచిగ ఉన్నది.

తొమ్మిది దాటినంక యారాలు స్కూటీ మీద వచ్చింది. సార్ల కారుకు ముందుగ వచ్చింది. స్కూటీ స్టాండు కూడా వెయ్యలేదు, అట్లనే పట్టుకొని నిలబడ్డది. జాగ దిక్కు చూసింది. కుప్ప దిక్కు చూసింది. నేను చెయ్యి కడుక్కొని దగ్గరికి పోయిన. ఆనాడు దగ్గలేదు.

"సార్లకు చూపియ్. నీ లాను జాగ ఎట్లున్నదో చూడు" అన్న.

"అక్కా" అన్నది. మళ్ళ అన్నది. "అక్కా, లాను ఏదీ?"

"ఏది ఏంది? ఇగ పరుస్తరు గద."

"నువ్వు గట్టు మీద ఎండబెట్టింది లాను అక్కా."

నాకు ఎక్కలేదు. మొదటిసారి ఎక్కలేదు. ఆమె మెల్లగ చెప్పింది. లారీ మెత్తలు కాకుండ, కణుపులు తెచ్చి నాటితే కూడా లాను అయితదట. ట్రైనింగు పిల్లలతోని మూడు రోజులు వరసలు కొట్టించి, ఒక్కొక్క కణుపు నాటించిందట. సార్లు వచ్చేది అది చూడనీకెనట. గరికనే. కొత్త జాతి గరిక, గాని గరికనే.

నాటుతరా! గరికను! మా తాత ముత్తాతల కాడ నుంచి పీకుతున్నం దాన్ని. ఎవరన్న కూలి పెట్టి నాటుతరని ఏ ఆడది అనుకుంటది?

అడవి గూడెం పెద్దామె నా ఎనక నిలబడి, "వరసల ఉందని చెప్తిని" అన్నది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. కారు గేటు కాడ హారన్ కొట్టింది.

ఆ కొంచెం సేపట్ల నాకు సీటు కనపడ్డది, పోయేటట్టు కనపడ్డది. మేస్త్రి అన్న మాట కూడా దాని ఎంబడే పోయేటట్టు ఉన్నది. యారాలు నా మొఖం దిక్కు చూడలేదు. స్కూటీ గోడకు ఆనిచ్చి, చీర సర్దుకొని, సార్లకు ఎదురు పోయింది.

హెడ్డాఫీసు సారు లావుగ, తెల్ల చొక్కా. సెంటరు సారు ఆనాడు పంచాయతీ ఆఫీసుల నాకు డబ్బా ఇచ్చిన సారే. నన్ను గుర్తుపట్టలేదు. "ప్రాక్టికల్ ప్లాట్ ఏదమ్మా?" అన్నడు.

"ఇదే సార్. పిల్లలు వరసలు దూరంగా వేశారు. అలా ఉంటే మట్టి కనపడుతూనే ఉంటది. అందుకే పొద్దున్నే తీయించాను. తీగను ముక్కలు చేసి దగ్గర దగ్గరగా నాటిస్తే జల్దీ కమ్ముకుంటది."

ఒక్క అక్షరం తడబడలేదు. నేను నోరు తెరిచి చూస్తున్న. ఇంత మెత్తని నోటికి ఇంత గట్టి అబద్ధం ఎట్ల వచ్చిందో.

"అయితే మళ్ళీ ఎప్పుడు నాటుతారు?"

"ఇప్పుడే సార్. మీ ముందరే." నా దిక్కు తిరిగింది. "అక్కా, ముఠాను దింపు. వరి నాటు నాటినట్టు."

మాకు అట్ల చెప్తే ఇంకేం కావాలె. కుప్ప మీద నీళ్లు కొట్టినం. కొడవండ్లతోని తీగలను తుంచినం. ఒక పిడికెడు ఎడమ చేతిల పట్టుకొని, వరుసగ నిలబడి, ఎనకకు అడుగులు వేసుకుంట నాటినం. నాట్లు వేసే చేతులు, చూసుకోవలసిన పని లేదు. ఎవరో రాగం ఎత్తుకున్నరు. లావు సారు ఫోను తీసి వీడియో పట్టిండు. చినుకులు కూడా మొదలైనయ్, నాటుకు సరిపోయే తడి, మంచి ఒదును.

మధ్యాహ్నానికి అయిపోయింది. సెంటరు సారు గట్టు మీద అటు ఇటు నడిచి, "ఊరి ఆడవాళ్లకు తెలిసిన పద్ధతిలో చెప్పడం, ఇది మా వాళ్లకు రాదు. మాకు ట్రైనర్లు దొరకడం లేదమ్మా. మీరు సెంటరుకు వచ్చి నేర్పుతారా?" అన్నడు.

ఎవరిని అడిగిండు? ఆమెను. తప్పు నాది, నాటు నాది, ముఠా నాది. ట్రైనరు ఆమె. ఎండల కుప్ప పోసి ఆమెను నేనే పై మెట్టు ఎక్కించిన.

తర్వాత సీటు సంగతి. "ఈ సైటు నుంచి ఎవరిని పంపుదాం?" అన్నడు లావు సారు.

"మా అక్కని సార్. ముఠాను నడిపేది ఆమే."

"చదువొచ్చా అమ్మా?" సెంటరు సారు నన్నడిగిండు. చదివించనీకె ఏమన్న ఉందా అని చుట్టు చూసి, షెడ్డు పక్కన మేము సద్దులు తిన్న గోనె సంచి ఒకటి అందుకొని నా చేతికి ఇచ్చిండు. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు ఉన్నయ్. నేను ముఠా ముందర నిలబడి, వేలు పెట్టి, గట్టిగ చదివిన.

"లాను గడ్డి కణుపులు. ఎండ తగలనీయరాదు."

ముఠా మొత్తం ఫక్కుమన్నది. ఇంటర్ పిల్ల అయితే మట్టిల కూలబడ్డది. అడవి గూడెం పెద్దామె మొఖం అటు తిప్పుకున్నది, వీపు ఊగుతున్నది. పొద్దున ఆ అక్షరాల మీద కూసొని పచ్చడి తిన్న మనిషిని నేను. సార్లకు ఎందుకు నవ్వుతున్నరో సమజ్ కాలేదు. "ఎందుకు నవ్వుతారు, బాగానే చదివింది కదా" అన్నడు సెంటరు సారు. నా పేరు రాసుకున్నడు.

పొద్దు గూకే ముందర, ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు ఆమె స్కూటీ నా పక్కన ఆగింది.

"ఎందుకు అబద్ధం ఆడినవ్?" అన్న.

"ఆడకపోతే, నేను లేనప్పుడు నా సైట్లో నా మాట లేకుండా పని జరిగిందని నాకే వస్తది కదక్కా మాట."

ఆ మాట విన్నంక నాకు ప్రాణం జర కుదురుకున్నది. మంచితనంతోని చేసి ఉంటే నేను తట్టుకోకపోదును. తన కోసం చేసుకున్నదంటే సరే, అది మనుషులు చేసే పనే.

స్కూటీ స్టార్టు చేసి, మళ్ళ ఆపింది. "అయినా నువ్వు ఉండగా ఆ సీటు ఇంకొకరికి ఎలా ఇస్తానక్కా" అన్నది. పోయింది. కుదురుకున్న ప్రాణం మళ్ళ చెడగొట్టి పోయింది.

నేను ట్రైనింగుకు పోయిన. పోనని మీరు అనుకున్నరేమో. బెంచి మీద ముందర వరసల కూసున్న. హాజరు పిలిచింది ఆమె. నా కాడికి వచ్చేసరికి పేరు పిలవలేదు, "అక్కా" అన్నది. క్లాసు అంత నా దిక్కు తిరిగింది. "ఉన్న మేడం" అన్న. ఆ మాట నా నోట్లకెల్లి వచ్చినప్పుడు ఆమె చెంపలు ఎర్రగ అయినయ్. ఏం సంతోషమో, ఏం సిగ్గో, నేను అడగలేదు. నాకు మాత్రం అక్కడ కూడా ఆమె చేతుల చాక్‌పీసు చూస్తే కుళ్లే. ఇప్పుడు నేను పక్కా మాలిని. గడ్డి కోసే మిషను నాకు కూడా వస్తది. ఆమె జేబు మీద మాట మారింది, అది కూడా చదివిన.

లాను కమ్ముకున్నది. వానలు తగ్గేసరికి మట్టి కనపడలేదు. యాత్రికుల పిల్లలు దాని మీద దొర్లుతరు. అంచు నేనే కోస్త. అంచు దాటి కాలిబాట మీదికి వచ్చిన గరికను వేళ్లతోని దేవి, తాడు గుంజినట్టు గుంజి, ఎండకు పారేస్త. అక్కడ మాత్రం నన్ను ఆపేటోళ్లు లేరు.

ఇగ ఎవరన్న వేరే తీరు చెప్తే, ఆ సోమవారం అక్కడున్నోళ్లను అడగండి. వాళ్లెవరంటే వీళ్లు. నా ముఠా ఆడోళ్లు, ఆ రోజు రానిది ఒక్క బాలింత. వరసలు చూసి చెప్పిన అడవి గూడెం పెద్దామె, ఆమె పక్కన ఉండి నవ్విన ఆమె మేనకోడలు. మట్టిల కూలబడ్డ ఇంటర్ పిల్ల. ఏమో మరి అన్న వాచ్‌మన్. ఆటో డ్రైవరు, మమ్మల్ని దింపి పోకుండ గేటు కాడ పండుకున్నడు, అన్ని చూసిండు. వీడియో పట్టిన లావు సారు. సంచి చదివించిన సెంటరు సారు. కాటేజీల మేనేజరు, కిటికీలకెల్లి. మా ఆయన అక్కడ లేడు, మేక కథ ఆయన సొంతం. నేను ఉన్న, అందరికంటే ముందర ఉన్న. ఇంకా మా యారాలు. ఆమెను చివర రాసిన. కావాలనే రాసిన.